శంకువు మొన మీద బరువు: కెరటోకోనస్ కార్నియాపై గట్టి లెన్స్ ప్రభావం

సభకు నమస్కారం. ఇక్కడ కెరటోకోనస్, అంటే కార్నియా పలుచబడి శంకువులా ముందుకు వచ్చే వ్యాధి, ఉన్న యువతీయువకులు, వారి తల్లిదండ్రులు, ఆప్టోమెట్రీ చదువుతున్న విద్యార్థులు ఉన్నారు. లెన్స్ అమర్చే గదిలో మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్నలు రెండు. ఈ గట్టి లెన్స్ పెట్టుకుంటూ ఉంటే ముందుకు పొడుచుకొచ్చిన కార్నియా మళ్లీ అణిగి మామూలవుతుందా అన్నది మొదటిది. అసలే పలుచబడిన పొర మీద అంత గట్టి వస్తువు రోజంతా కూర్చుంటే అది ఇంకా పాడవదా అన్నది రెండోది. మొదటి ప్రశ్నకు జవాబు 'కాదు' అనే. రెండో ప్రశ్నకు జవాబు, లెన్స్ బరువు కార్నియాలో ఏ చోట పడుతోంది అన్నదాన్ని బట్టి ఉంటుంది. నేటి నా ప్రసంగమంతా ఆ బరువు గురించే.

కంటి నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పారదర్శకమైన పొరే కార్నియా. ఆరోగ్యంగా ఉన్న కంటిలో దాని మధ్యభాగం మందం సుమారు 540 మైక్రాన్లు, అంటే అర మిల్లీమీటరుకు కొంచెం ఎక్కువ. పైన 50 మైక్రాన్ల మందంలో ఎపిథీలియం, దాని కింద బౌమన్ పొర, ఆ తర్వాత మందంలో అధిక భాగాన్ని ఆక్రమించే స్ట్రోమా, చివర డెస్మెట్ పొర, కార్నియాలోని నీటిని బయటికి తోడే ఎండోథీలియం ఉంటాయి. కెరటోకోనస్‌లో స్ట్రోమాలోని కొల్లాజెన్ అనే ప్రొటీన్ పోగుల అల్లిక సడలిపోతుంది. పలుచబడిన చోట కార్నియా కంటి లోపలి పీడనానికి లొంగి శంకువులా ముందుకు వస్తుంది. ఆ శంకువు మొన చాలామందిలో సరిగ్గా నడిమధ్యన కాక, కొంచెం కిందికి ఉంటుంది. బౌమన్ పొర అక్కడక్కడ చిట్లడం ఈ వ్యాధి ప్రత్యేక లక్షణం. మొన మీద ఎపిథీలియం పలుచబడి, దాని చుట్టూ వలయంలా మందమవుతుంది. అంటే లెన్స్ ఒరుసుకునే అవకాశం ఎక్కువగా ఉన్న చోటే రక్షణ పొర అన్నిటికన్నా పలుచగా ఉంటుందన్నమాట. విద్యార్థులు ఈ విషయాన్ని ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి.

ఇలాంటి కంటికి కళ్లద్దాలు ఎందుకు చాలవు? మామూలు సిలిండర్ పవర్‌లో కార్నియా వంపు ఒక అక్షం వెంబడి ఎక్కువ, దానికి లంబంగా ఉన్న అక్షం వెంబడి తక్కువ. దాన్ని అద్దంలో సరిచేయవచ్చు. కెరటోకోనస్‌లో వంపు ఒక్కో బిందువు దగ్గర ఒక్కోలా ఉంటుంది. గట్టి లెన్స్ తన ఆకారాన్ని తాను నిలుపుకుంటుంది. లెన్స్ వెనుక తలానికీ కార్నియాకూ మధ్య ఉన్న ఖాళీని కన్నీరు నింపుతుంది. గతుకుల గచ్చు మీద నీరు నిలిచినప్పుడు పైతలం మట్టంగా కనిపించినట్టే, కార్నియా ఎగుడుదిగుళ్లు కన్నీటి పొర కింద మరుగున పడతాయి. కన్నీటి వక్రీభవన గుణకం 1.336, కార్నియాది 1.376. రెండూ ఇంత దగ్గరగా ఉండటం వల్ల వెలుతురు ఆ సరిహద్దు దగ్గర పెద్దగా వంగదు, ముందుతలం దోషాల్లో దాదాపు 90 శాతం చూపును బాధించకుండా పోతాయి. కార్నియా వెనుక తలంలో ఉన్న దోషం మాత్రం మిగిలే ఉంటుంది. లెన్స్ చక్కగా అమరినా కొందరికి రాత్రివేళ దీపాల చుట్టూ నీడలు, తోకలు కనిపించడానికి అదొక ముఖ్య కారణం. మెత్తని లెన్స్ కార్నియా మీద పరుచుకుని దాని ఆకారాన్నే తెచ్చుకుంటుంది కాబట్టి, ముదిరిన కెరటోకోనస్‌లో ఈ పని చేయలేదు. మన ఊళ్లలో 'సెమీ సాఫ్ట్ లెన్స్' అని అమ్మేది కూడా నిజానికి గట్టి లెన్సే, అంటే గాలిని లోపలికి పోనిచ్చే ఆర్.జి.పి. లెన్స్. ఆ పేరు విని మెత్తగా ఉంటుందనుకుని, మొదటి రోజు కన్ను గుచ్చుకుంటే బెదిరిపోయి మానేసినవారు చాలామంది ఉన్నారు.

గట్టి లెన్స్ శంకువును లోపలికి నెడుతుందనే నమ్మకం కాంటాక్ట్ లెన్స్ అంత పాతది. 1888లో జ్యూరిచ్‌లో అడాల్ఫ్ ఫిక్, పారిస్‌లో యూజీన్ కాల్ట్ వేర్వేరుగా గాజు లెన్స్‌లు తయారుచేసి కంటి మీద పెట్టి చూశారు. కాల్ట్ ముఖ్యంగా కెరటోకోనస్ మీదే దృష్టి పెట్టాడు. గాజు గిన్నె ఒత్తిడికి శంకువు అణుగుతుందన్నది ఆయన ఆశ. 1948లో అమెరికాలో కెవిన్ టువోహీ కార్నియా మేరకే ఉండే చిన్న ప్లాస్టిక్ లెన్స్‌ను తెచ్చాక కూడా, చదునైన వెనుక తలంతో పెద్ద లెన్స్ పెట్టి మొన మీద ఒత్తిడి కలిగిస్తే వ్యాధి ఆగుతుందని చాలాకాలం అనుకున్నారు. ఆ నమ్మకానికి కంటి ఎదుట కనిపించే ఆధారం కూడా ఉంది. గట్టి లెన్స్ కొన్ని గంటలు పెట్టుకుని తీశాక కొలిస్తే కార్నియా నిజంగానే కొంత చదునుగా కనిపిస్తుంది. అయితే అది కొన్నాళ్లపాటు నిలిచే అచ్చు మాత్రమే. ఎపిథీలియం, దాని కింది పొరలు ఒత్తిడికి తాత్కాలికంగా సర్దుకుంటాయి గానీ సడలిన కొల్లాజెన్ బిగుసుకోదు. లెన్స్ మానేస్తే కొన్ని రోజుల్లో, కొన్ని వారాల్లో శంకువు మళ్లీ తన అసలు ఆకారానికి వస్తుంది.

ఈ తాత్కాలిక అచ్చు వల్ల వచ్చే చిక్కు తల్లిదండ్రులకు తప్పక తెలియాలి. వ్యాధి పెరుగుతోందా లేదా అన్నది కార్నియా టోపోగ్రఫీ పటాలను, అంటే దాని వంపులను చూపే పటాలను, పోల్చి తేలుస్తాం. నిన్నటిదాకా లెన్స్ పెట్టుకున్న కంటికి ఈరోజు పటం తీసి, ఆరు నెలల తర్వాత మూడు వారాలు లెన్స్ మానేసిన అదే కంటికి మళ్లీ తీస్తే, ఏమీ పెరగకపోయినా పెరిగినట్టు కనిపిస్తుంది. దీనికి తలకిందులైన పరిస్థితి ఇంకా ప్రమాదకరం. మొదటి పటం లెన్స్ మానేసి, రెండోది లెన్స్ తీసిన వెంటనే తీస్తే, నిజంగా పెరిగిన వ్యాధి ఆ చదును కింద దాగిపోతుంది, వ్యాధిని ఆపే క్రాస్‌లింకింగ్ చికిత్స చేయవలసిన సమయం చేయి దాటిపోతుంది. అందుకే పరీక్షకు ముందు గట్టి లెన్స్‌ను సాధారణంగా రెండు వారాలకు తగ్గకుండా మానేయమంటాం. లెన్స్ లేకుండా ఉద్యోగానికి, కాలేజీకి వెళ్లలేనివారికి ఇది పెద్ద శిక్ష అని నాకు తెలుసు. అలాంటివారికి ఒక కంటికి ఒకసారి, మరో కంటికి ఇంకోసారి పరీక్ష పెట్టుకునే వెసులుబాటు ఉంది, ధైర్యంగా అడగండి. లెన్స్ ఎన్ని రోజులుగా పెట్టుకోవడం లేదో పటం తీసేవారికి నిజం చెప్పండి. ఒక్కరోజు మానేసి 'పదిహేను రోజులయింది' అని చెబితే, మోసపోయేది మీ కన్నే.

లెన్స్ వల్లే కెరటోకోనస్ వస్తుందా అన్న సందేహం కూడా పాతదే. 1968లో అమెరికన్ వైద్యుడు హార్ట్‌స్టీన్, కాంటాక్ట్ లెన్స్ వాడుతూ ఉండగా కెరటోకోనస్ బయటపడిన నలుగురి గురించి రాశారు. ఆ తర్వాత అలాంటి నివేదికలు మరికొన్ని వచ్చాయి. వీటిని చదివేటప్పుడు ఒకటి గమనించాలి. తొలిదశ కెరటోకోనస్ బయటికి మామూలు దగ్గరచూపు దోషంలాగే కనిపిస్తుంది. ఆ యువకుడికి కళ్లద్దాల్లో తృప్తి ఉండదు, కాబట్టి లెన్స్ అడుగుతాడు. వ్యాధి ముందే ఉండి లెన్స్ తర్వాత వచ్చినా, లోకానికి లెన్సే ముందు కనిపిస్తుంది. లెన్స్ ఆరోగ్యవంతమైన కార్నియాను కెరటోకోనస్‌గా మారుస్తుందనడానికి ఈ నివేదికలు చాలవు. కళ్లు నులుముకోవడానికీ ఈ వ్యాధికీ ఉన్న సంబంధం దీనికన్నా ఎంతో బలమైనది.

ఇక అసలు విషయమైన మచ్చల దగ్గరికి వస్తాను. లెన్స్ మొన మీద ఒరిగి, రెప్ప కొట్టినప్పుడల్లా కదులుతుంటే ఎపిథీలియం గీసుకుపోతుంది. గాయపడిన ఎపిథీలియం కణాల నుంచి ఇంటర్‌ల్యూకిన్-1 వంటి రసాయన సంకేతాలు వెలువడతాయి. వాటి ప్రభావంతో కింది స్ట్రోమాలో ఉండే కెరటోసైట్లు అనే కణాలు కొన్ని చనిపోతాయి, మిగిలినవాటిలో కొన్ని గాయాన్ని పూడ్చే కణాలుగా మారి, క్రమం తప్పిన కొల్లాజెన్‌ను పేరుస్తాయి. పారదర్శకతకు పోగుల క్రమమే ఆధారం కాబట్టి, క్రమం తప్పిన చోట మసక ఏర్పడుతుంది. బౌమన్ పొర అప్పటికే చిట్లి ఉన్న చోట ఇది మరింత సులువుగా జరుగుతుంది. మచ్చ సరిగ్గా చూపు దారిలో పడితే, ఎంత మంచి లెన్స్ పెట్టినా అక్షరాల చుట్టూ పొగ తొలగదు.

అమెరికాలో 16 కేంద్రాల్లో 1,209 మంది కెరటోకోనస్ రోగులను ఎనిమిదేళ్లపాటు గమనించిన క్లెక్ అధ్యయనం ఈ విషయంలో మనకు పెద్ద ఆధారం. అందులో కొత్తగా మచ్చలు రావడానికి నాలుగు సూచికలు తేలాయి: కార్నియా వంపు 52 డయాప్టర్లు (వంపును కొలిచే ప్రమాణం; అంకె పెరిగేకొద్దీ శంకువు నిటారు) దాటడం, కాంటాక్ట్ లెన్స్ వాడటం, రంగు వేసినప్పుడు కార్నియా మీద గాయపు చుక్కలు కనిపించడం, వయసు 20 ఏళ్ల లోపు ఉండటం. అయిదేళ్లలో కొత్త మచ్చ వచ్చిన కళ్లు మొత్తంమీద 13.7 శాతం, లెన్స్ వాడే కళ్లలో 16.7 శాతం, 52 డయాప్టర్లు దాటిన కళ్లలో 38 శాతం. ఈ అంకెలను నేను ఇలా చదువుతాను. లెన్స్ ముప్పును పెంచే మాట నిజమే, కానీ శంకువు వాలు చేసే చెరుపు దానికన్నా పెద్దది. లెన్స్ వద్దని కూర్చున్నంత మాత్రాన మచ్చ రాదన్న హామీ లేదు. ఆ అధ్యయనంలో చేరినవారి సగటు వయసు 39 ఏళ్లు. మన దేశంలో ఈ వ్యాధి చిన్న వయసులోనే, ముదిరిన దశలో మా దగ్గరికి వస్తుంది. పదహారేళ్ల విద్యార్థి, 55 డయాప్టర్ల వంపు, ఏడాది పొడవునా దురద పెట్టే అలర్జీ ఉన్న కళ్లు: ఇలాంటి రోగికి లెన్స్ అమర్చేటప్పుడు ఆ నాలుగు సూచికల్లో మూడు మన ముందే కూర్చుని ఉంటాయి. నాలుగోదైన గాయపు చుక్కలు రాకుండా చూసుకోవడం లెన్స్ అమర్చేవారి చేతిలో ఉంది.

మొన మీద బరువు గురించి నేరుగా పరీక్షించిన తొలి ప్రయత్నాల్లో ఒకటి 1982 నాటిది. డొనాల్డ్ కార్బ్, ఆయన సహచరులు కొద్దిమంది రోగులకు ఒక కంట్లో మొన మీద ఆనే చదును లెన్స్, రెండో కంట్లో మొనకు తగలకుండా నిలిచే లెన్స్ పెట్టి చూశారు. ఆనిన కళ్లలో మచ్చలు వచ్చాయి. రోగుల సంఖ్య చిన్నదే అయినా, ఒకే మనిషి రెండు కళ్లను పోల్చడం వల్ల దానికి విలువ ఉంది. అయితే క్లెక్ పరిశోధకులు మొన మీద ఆనే చదును అమరికనూ, వంపు ఎక్కువై మొనకు తగలకుండా నిలిచే వాలు అమరికనూ పోల్చినప్పుడు, చదును లెన్స్ పెట్టిన కళ్లలో మచ్చలు ఎక్కువగానే కనిపించినా, వ్యాధి తీవ్రతను లెక్కలోకి తీసుకున్నాక ఆ తేడా గణాంకపరంగా నిలబడలేదు. తీవ్రమైన శంకువులకే చదును లెన్స్‌లు ఎక్కువగా పడటం వల్ల కారణం ఏదో, తోడు వచ్చింది ఏదో విడదీయడం కష్టమయింది. నా అభిప్రాయం మాత్రం స్పష్టం. మొన మీద గట్టిగా ఆనే లెన్స్ వల్ల కంటికి ఒరిగే మేలు ఏదీ లేనప్పుడు, ఆ ముప్పును కంటికి అంటగట్టకూడదు. చదును లెన్స్‌లో చూపు ఒక వరుస మెరుగ్గా కనిపించడం, అక్కడే ఆగిపోయి సంతోషపడటం మన వృత్తిలో తరచుగా ఎదురయ్యే ఆకర్షణ.

అందుకే ఎక్కువమంది పాటించే పద్ధతి మూడు చోట్ల ఆనిక. మొన మీద లెన్స్ తేలికగా తాకీ తాకనట్టు ఉంటుంది, అసలు బరువును ఇరుపక్కలా మధ్య అంచు ప్రాంతాలు మోస్తాయి. ఇది సరిగా ఉందో లేదో చూడటానికి ఫ్లోరెసిన్ రంగు వేసి నీలి వెలుతురులో చూస్తాం. కన్నీరు నిలిచిన చోట పచ్చగా మెరుస్తుంది, పలుచగా ఉన్న చోట నల్లగా కనిపిస్తుంది. విద్యార్థులకు ఇక్కడ ఒక హెచ్చరిక. కన్నీటి పొర మందం సుమారు 20 మైక్రాన్లకన్నా తగ్గితే మన కంటికి అది నల్లగానే కనిపిస్తుంది. కాబట్టి నలుపు కనిపించిన ప్రతిచోటా లెన్స్ కార్నియాను తాకుతోందని అనుకోనక్కర్లేదు. ఆ నలుపు పెద్ద వృత్తంలా, అంచులు పదునుగా ఉండి, లెన్స్ తీశాక అక్కడే గాయపు చుక్కలు మిగిలితే అది భారమైన ఆనిక. కంటిపాప ఎదుట కార్నియా మీద చుక్కలు సుడిలా కనిపించినా అర్థం అదే. అలాగని మరీ వాలుగా ఉన్న లెన్స్ మేలనీ చెప్పలేం. మొన దగ్గర గాలి బుడగ చిక్కుతుంది, అంచు బిగుసుకుంటుంది, కన్నీరు మారక లోపలే నిలిచిపోతుంది. న్యూజిలాండ్‌కు చెందిన పాల్ రోజ్ రూపొందించిన రోజ్-కె వంటి లెన్స్‌లు, శంకువు నిటారుగా ఉన్నకొద్దీ వెనుక తలంలో చదునైన భాగం చిన్నదయ్యేలా ఉండటం వల్ల, ఈ రెండు చిక్కుల మధ్య దారి చూపాయి.

ఆక్సిజన్ సంగతి ఇప్పుడు కొంత నయం. కార్నియాలో రక్తనాళాలు లేవు, మెలకువలో ఉన్నప్పుడు దానికి ఆక్సిజన్ ప్రధానంగా గాలి నుంచే అందాలి. పాత పి.ఎమ్.ఎమ్.ఎ. ప్లాస్టిక్ ఆక్సిజన్‌ను దాదాపు పోనివ్వదు, అందువల్ల ఏళ్ల తరబడి వాడినవారిలో కార్నియా ఉబ్బడం, ఎండోథీలియం కణాల పరిమాణాలు చెదరడం కనిపించేవి. 1970ల్లో సిలికాన్ కలిపిన గాలి పోయే ప్లాస్టిక్‌లు వచ్చాక ఆ బాధ చాలా తగ్గింది. అయితే ఆక్సిజన్ సరిగ్గా అందినంత మాత్రాన ఒరిపిడి లెక్క తీరిపోదు. లెన్స్ వాడే కెరటోకోనస్ కళ్లలో కార్నియా స్పర్శ మందగించడం, స్ట్రోమాలో కెరటోసైట్ల సాంద్రత తగ్గడం పరిశోధకులు గమనించారు. వీటిలో వ్యాధి వాటా ఎంత, లెన్స్ వాటా ఎంత అని వేరు చేయడం సులువు కాకపోయినా, స్పర్శ మందగించడం అనేది రోగులు తేలిగ్గా తీసుకోకూడని సంగతి. ఒకప్పుడు నొప్పి పెట్టిన లెన్స్ ఇప్పుడు పెట్టడం లేదంటే అది అలవాటు వల్ల కావచ్చు, కార్నియా నొప్పిని చెప్పడం మానేయడం వల్లా కావచ్చు. నొప్పి లేదు కాబట్టి పరీక్షకు రానవసరం లేదనే మాట అందుకే చెల్లదు.

కొందరిలో మొన మీద చిన్న బొడిపె లేస్తుంది. లెన్స్ దాన్ని ఒరుసుకుని రోజూ పుండు చేస్తుంది, రోగి 'ఇక లెన్స్ పడదు' అని ఆపరేషన్‌కు సిద్ధపడతాడు. ఆ బొడిపెను పైపైన తొలగిస్తే చాలామంది మళ్లీ లెన్స్ పెట్టుకోగలరు. కార్నియా మార్పిడి గురించి తొందరపడే ముందు ఈ మాట అడిగి తెలుసుకోండి. డెస్మెట్ పొర చిట్లి కంటిలోని నీరు కార్నియాలోకి చేరి ఒక్కసారిగా తెల్లబడే స్థితి, హైడ్రాప్స్, వచ్చినప్పుడు మాత్రం లెన్స్ వెంటనే మానాలి. వాపు తగ్గి మచ్చ మిగిలాక కార్నియా కొన్నిసార్లు ముందుకన్నా చదునై, లెన్స్ అమర్చడం సులువవుతుంది కూడా.

మొన మీద బరువు పడకుండా చేయడానికి రెండు దారులున్నాయి. కింద మెత్తని లెన్స్ పెట్టి దాని మీద గట్టి లెన్స్ పెట్టడం ఒకటి. అది ఒరిపిడిని తగ్గిస్తుంది, కానీ ఆక్సిజన్ రెండు పొరలు దాటి రావాలి. రెండోది స్క్లీరల్ లెన్స్. ఇది కార్నియాను తాకకుండా దాటి కంటి తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, లోపల నిల్వ మందులు కలపని సెలైన్ నింపి పెట్టుకుంటారు. కాల్ట్, ఫిక్ నాటి గాజు లెన్స్‌లూ తెల్లగుడ్డు మీదే కూర్చునేవి, ఆక్సిజన్ అందక అవి ఎక్కువసేపు నిలవలేదు. నేటి పదార్థాలు ఆ అడ్డంకిని తొలగించాయి. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ సహా దేశంలో పలుచోట్ల ఈ తరహా లెన్స్‌లు అందుతున్నాయి. బెల్జియంలో కొప్పెన్ బృందం 2018లో ప్రచురించిన అధ్యయనంలో, వంపు 70 డయాప్టర్లు దాటిన 51 కళ్లలో 40 కళ్లు కార్నియా మార్పిడి లేకుండా స్క్లీరల్ లెన్స్‌తో నెట్టుకొచ్చాయి. అవి ఒకప్పుడు నేరుగా ఆపరేషన్ బల్ల ఎక్కవలసిన కళ్లు. స్క్లీరల్ లెన్స్‌కు ఖర్చు ఎక్కువ, పెట్టుకోవడం తీయడం నేర్చుకోవాలి, మధ్యాహ్నానికి లోపలి నీరు మసకబారి ఒకసారి తీసి కడగవలసి రావచ్చు. అయినా దుమ్ము రోడ్ల మీద రోజూ బండి నడిపే మనవాళ్లకు, చిన్న లెన్స్ కింద ఇసుక రేణువు దూరి కార్నియాను గీకే బాధ దీనిలో తక్కువ అన్నది చిన్న లాభం కాదు.

రాత్రి లెన్స్ తీసిన మరుక్షణం కళ్లు నులుముకునే అలవాటు చాలామందిలో ఉంది. రోజంతా ఆపుకున్న దురద ఒక్కసారిగా తీరుతున్నట్టు హాయిగా ఉంటుంది. అప్పటికే అలసిన ఎపిథీలియం మీద, పలుచబడిన స్ట్రోమా మీద ఆ పిడికిలి ఒత్తిడి ఏ లెన్స్ బరువుకన్నా ఎక్కువ. దురదకు మందు చుక్కలు ఉన్నాయి, అలర్జీని అదుపులో పెట్టకుండా లెన్స్ అమర్చడం సగం పనే. కుళాయి నీళ్లతో లెన్స్ కడగవద్దని, పెట్టుకుని నిద్రపోవద్దని మీకు ముందే చెప్పి ఉంటారు.

వ్యాధిని ఆపే పని క్రాస్‌లింకింగ్‌ది. మన ఆసుపత్రుల్లో సి3ఆర్ అని పిలిచే ఈ చికిత్సను జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు రూపొందించి, తొలి రోగుల ఫలితాలను 2003లో ప్రకటించారు. రైబోఫ్లేవిన్ చుక్కలు వేసి అతినీలలోహిత కిరణాలు ప్రసరింపజేస్తే కొల్లాజెన్ పోగుల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కార్నియా బిగుసుకుంటుంది. చూపును ఇచ్చేది లెన్స్, వ్యాధిని నిలిపేది ఇది. ఒకటి ఉంది కదా అని రెండోదాన్ని వదులుకునేవారు రెండు వైపులా ఉన్నారు. చికిత్స తర్వాత ఎపిథీలియం పూర్తిగా మానేదాకా లెన్స్ పెట్టకూడదు, ఆ తర్వాత కూడా కార్నియా ఆకారం నెలల తరబడి మారుతుంటుంది కాబట్టి, పాత లెన్స్‌నే తిరిగి పెట్టుకోకుండా కొలతలు మళ్లీ తీయించుకోవాలి.

కార్నియా మార్పిడి జరిగిన కంటికి కూడా తరచుగా గట్టి లెన్స్ అవసరమవుతుంది, ఎందుకంటే కుట్ల వల్ల వంపు సరిసమానంగా రాదు. ఈ కంటిలో బరువుకన్నా ఆక్సిజన్ లెక్క ముఖ్యమవుతుంది. అమర్చిన కార్నియాలో ఎండోథీలియం కణాలు ఏటికేడు వేగంగా తగ్గుతుంటాయి, నీటిని బయటికి తోడే శక్తి తక్కువగా ఉంటుంది. స్క్లీరల్ లెన్స్ అయితే లోపలి నీటి పొర లోతు తక్కువ ఉండేలా, ఆక్సిజన్ బాగా పోనిచ్చే పదార్థంతో చేయించి, ప్రతిసారీ కార్నియా మందాన్ని కొలుస్తూ ఉండాలి. మార్పిడి చేయించుకున్నవారు ఇంట్లో గమనించవలసిన గుర్తులు రెండున్నాయి. పొద్దున లెన్స్ పెట్టినప్పుడు స్పష్టంగా ఉన్న చూపు సాయంత్రానికి పొగబారి, లెన్స్ తీసి కడిగి పెట్టినా తేటపడకపోతే కార్నియా ఉబ్బుతోందని అనుమానించాలి. కన్ను ఎర్రబడి, వెలుతురు భరించలేక, చూపు తగ్గితే అది శరీరం అమర్చిన కార్నియాను తిరస్కరిస్తున్న సూచన కావచ్చు. ఈ రెండిట్లో ఏది కనిపించినా లెన్స్ తీసేసి, మళ్లీ పెట్టకుండా, ఆ రోజే కంటి వైద్యుడి దగ్గరికి వెళ్లండి.